చైల్డ్ సీటు: ఏది కొనాలి, కారులో ఎలా బిగించాలి

చైల్డ్ సీటు ఏ కంపెనీది మంచిది అని అడిగేవాళ్ళు చాలామంది. దాన్ని ఎలా బిగించాలి అని అడిగేవాళ్ళు అరుదు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వరసగా ఆగి ఉన్న కార్లలోకి ఒకసారి తొంగి చూడండి. చైల్డ్ సీటున్న కార్లు కొన్ని కనిపిస్తాయి. వాటిలో ఒకదాంట్లో బెల్టు వదులుగా వేలాడుతుంటుంది, ఇంకోదాంట్లో భుజాల పట్టీలు మెలితిరిగి ఉంటాయి, మరోదాంట్లో సీటు ఏకంగా ముందు సీట్లోనే ఉంటుంది. ముప్ఫై వేల సీటు వదులుగా, ఎనిమిది వేల సీటు గట్టిగా ఉంటే నేను రెండోదాన్నే నమ్ముతాను. అందుకే ఇక్కడ కొనడం గురించి చెప్పాల్సింది చెప్పి, బిగించడం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే చాలదా?

ఈ మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది, ముఖ్యంగా అమ్మమ్మలు, నానమ్మల దగ్గర్నుంచి. వాళ్ళతో వాదన పెట్టుకునే బదులు ఈ లెక్క చెప్పి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే ఖాళీగా ఉన్న ఫ్లైఓవర్ మీద ఎవరైనా వెళ్ళే వేగమే. ఆ వేగంతో ఢీకొట్టడం, సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు మూడంతస్తుల పైనుంచి కింద పడడంతో సమానం. కారు ముందు భాగం నలిగి, లోపలివాళ్ళు అర మీటరు దూరంలో ఆగారనుకుందాం. అప్పుడు 10 కిలోల పాపని ఆపడానికి కావలసిన బలం 200 కిలోల బరువు ఎత్తినంత. ఎంత గట్టిగా హత్తుకున్నా రెండు క్వింటాళ్ళని ఏ చేతులూ ఆపలేవు. ఇక ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్ళే వేగాలకి లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది. వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగింతలవుతుంది.

తల్లీబిడ్డా కలిపి ఒకే బెల్టు పెట్టుకోవడం ఇంకా ప్రమాదం. కారు ఆగినప్పుడు పెద్దవాళ్ళ బరువంతా వచ్చి బెల్టుకీ తమ ఒంటికీ మధ్య ఉన్న బిడ్డ మీద పడుతుంది.

చట్టం కూడా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్ళలోపు పిల్లలకి సీటు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా కారు నడిపితే 1,000 రూపాయల జరిమానా. ఇంట్లో ఎవరైనా "ఇవన్నీ అమెరికా వేషాలు" అంటే ఈ సెక్షన్ నంబరు పనికొస్తుంది.

ముందు మీ కారుని చూసుకోండి

సీటు కొనడానికి వెళ్ళేముందు అరగంట మీ కారులో కూర్చోండి. చూడాల్సినవి ఇవి.

ఐసోఫిక్స్: బెల్టు లేకుండా చైల్డ్ సీటుని కారు బాడీకే తగిలించే కడ్డీల ఏర్పాటు ఇది. వెనక సీట్లో వీపు ఆనే భాగమూ, కూర్చునే భాగమూ కలిసే చీలికలో వేళ్ళు పెట్టి వెతకండి. 6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు ఇనుప కడ్డీలు, ఒకదానికొకటి 28 సెంటీమీటర్ల దూరంలో తగలాలి. పక్కన చిన్న ట్యాగ్ గానీ బొమ్మ గానీ ఉంటుంది. సాధారణంగా ఇవి రెండు పక్క సీట్లకే ఉంటాయి, మధ్య సీటుకి ఉండవు.

కడ్డీలు దొరకలేదా? అప్పుడే లేవని తేల్చకండి. కారు కొన్న వారంలోనే లెదర్ సీటు కవర్లు వేయించడం మనకి ఒక ఆనవాయితీ. ఆ కవర్లు కుట్టేవాళ్ళు చాలాసార్లు ఐసోఫిక్స్ చీలికని, ఒక్కోసారి బెల్టు బకిళ్ళని కూడా కింద పెట్టి మూసేస్తారు. కవరు జిప్పు తీసి చూడండి. ఉంటే అదే షాపుకి వెళ్ళి ఆ చోట కోసి, అంచు కుట్టించుకోండి. పైగా జారిపోయే, మెత్తటి దళసరి కవరు మీద ఏ చైల్డ్ సీటూ స్థిరంగా నిలవదు. నన్నడిగితే చైల్డ్ సీటు పెట్టే వైపు కవరు తీసేయడమే మంచిది.

టాప్ టెథర్ కొక్కెం: చైల్డ్ సీటు పైభాగం నుంచి వచ్చే పట్టీని (టాప్ టెథర్) తగిలించే చోటు. ఇది వెనక సీటు వీపు భాగం వెనక్కాల గానీ, డిక్కీ నేల మీద గానీ ఉంటుంది. దీని దగ్గర లంగరు బొమ్మ ఉంటుంది. డిక్కీలో సామాన్లు కట్టుకోవడానికి ఇచ్చే హుక్కులు వేరు, అవి ఆ బలానికి ఊడిపోతాయి. ఏది ఏదో కారు మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది.

బెల్టులు: పక్క సీట్లకి భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు ఉందో లేదో చూడండి. పాత కార్లలో మధ్య సీటుకి నడుం బెల్టు ఒక్కటే ఉంటుంది. బూస్టర్ సీటుకి, అంటే పెద్ద పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టి కారు బెల్టే సరిగ్గా వచ్చేలా చేసే సీటుకి, అది అసలే పనికిరాదు. తర్వాత బెల్టుని చివరిదాకా బయటికి లాగి, మెల్లగా లోపలికి వదలండి. టకటకమని చప్పుడు చేస్తూ వెళ్ళి, మళ్ళీ లాగితే రాకపోతే అది తనంతట లాక్ అయ్యే బెల్టు. మన దగ్గర చాలా కార్లలో అలా ఉండదు, హఠాత్తుగా లాగినప్పుడే ఆగుతుంది. ఈ తేడా కింద మళ్ళీ అవసరమవుతుంది.

ముందు సీటు వెనక నేల: కొన్ని కార్లలో కాళ్ళు పెట్టుకునే చోట కింద చిన్న పెట్టెలాంటి అర ఉంటుంది. కొన్ని చైల్డ్ సీట్లకి ముందు వైపు నుంచి కారు నేలకి ఆనే కాలు ఉంటుంది, దాన్నే సపోర్ట్ లెగ్ అంటారు. ఆ కాలు ఈ అర మూత మీద పెట్టకూడదు. కారు మాన్యువల్ ఒప్పుకుంటేనే అలాంటి సీటు కొనండి.

ఇంకా కారే కొనని వాళ్ళకి ఒక మాట. కార్లని ఢీకొట్టించి ఎంత భద్రమో చూసే మన దేశపు పరీక్ష, 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దల రక్షణకీ, పిల్లల రక్షణకీ విడివిడిగా స్టార్లు ఇస్తారు. పిల్లల విభాగం మొత్తం 49 పాయింట్లు. అందులో చైల్డ్ సీట్లు ఆ కారులో సరిగ్గా బిగుస్తాయా అన్నదానికి కూడా పాయింట్లున్నాయి. షోరూమ్‌లో "ఫైవ్ స్టార్ సార్" అంటే, "పిల్లలకి ఎన్ని?" అని అడగండి.

ఏ సీటు కొనాలి

వయసు చూసి కొనకండి. బిడ్డ ఎత్తూ, బరువూ చూసి కొనండి. ఏడాది పిల్లలందరూ ఒక్క బరువు ఉండరు.

సీటు మీద అతికించిన లేబుల్ ముందు వెతకండి. మన మార్కెట్‌లో ఎక్కువగా కనిపించేది యూరప్ ప్రమాణం ఈసీఈ ఆర్44/04. గుండ్రంలో 'ఈ' అక్షరం, పక్కన దేశం సంఖ్య, కింద 04తో మొదలయ్యే నంబరు ఉంటాయి. ఇందులో సీట్లని బరువుతో విభజిస్తారు: 13 కిలోల వరకు ఒకటి, 9 నుంచి 18 ఒకటి, 15 నుంచి 25, 22 నుంచి 36. దాని తర్వాత వచ్చింది ఆర్129, అదే ఐ-సైజ్. ఇది ప్రధానంగా ఎత్తుతో లెక్కిస్తుంది, పక్క నుంచి ఢీకొనే పరీక్ష కూడా ఇందులో ఉంది. ఐరోపాలో 2024 సెప్టెంబరు నుంచి పాత ఆర్44 సీట్ల అమ్మకం ఆపేశారు. మన దేశ ప్రమాణం పేరు ఏఐఎస్-072. ఏ లేబులూ లేకుండా, మెత్తటి గుడ్డ దిండుకి నాలుగు పట్టీలు కుట్టి "పోర్టబుల్ కార్ సీట్" అని ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకి అమ్మేవి ఉంటాయి. అవి సీట్లు కావు, వాటి జోలికి పోకండి.

రకాల విషయానికొస్తే, అప్పుడే పుట్టిన బిడ్డని ఆసుపత్రి నుంచి తెచ్చుకోవడానికి హ్యాండిల్ ఉన్న ఇన్‌ఫాంట్ క్యారియర్ హాయిగా ఉంటుంది. నిద్ర చెడకుండా లోపలికి తీసుకెళ్ళొచ్చు. కానీ 13 కిలోలకో, అంతకంటే ముందే పొడవు చాలకో పక్కన పెట్టాల్సి వస్తుంది. ఒక్క సీటుతో సరిపెట్టుకోవాలంటే 0 నుంచి 18 కిలోల కన్వర్టిబుల్ తీసుకోండి. మొదట వెనక్కి తిప్పి, తర్వాత ముందుకి తిప్పి వాడుకోవచ్చు. చాలా మధ్యతరగతి ఇళ్ళకి నేను చెప్పేది ఇదే. ఆరేడు వేల నుంచి దొరుకుతాయి, ఐసోఫిక్స్ ఉంటే ధర పెరుగుతుంది. గుండ్రంగా తిరిగే 360 సీట్లు ఖరీదు, బరువు కూడా. అయితే నడుం నొప్పి ఉన్న తాతయ్యలు, అమ్మమ్మలు రోజూ పిల్లని స్కూలు నుంచి తెచ్చే ఇళ్ళలో ఆ ఖర్చు దండగ కాదు, ఎందుకంటే సులువుగా ఉంటేనే రోజూ వాడతారు. పుట్టినప్పటి నుంచి పన్నెండేళ్ళ దాకా ఒకటే సీటు అనే 0–36 కిలోల రకం మీద నాకంత నమ్మకం లేదు. నెలల బిడ్డకి లూజు, పదేళ్ళ పిల్లాడికి ఇరుకు అయ్యే అవకాశం ఎక్కువ. మీ బిడ్డని అందులో కూర్చోబెట్టి చూశాకే నిర్ణయించుకోండి.

సీటు మీ కారులో పెట్టి చూడకుండా డబ్బు కట్టకండి. పిల్లల సామాన్ల పెద్ద షాపుల్లో డిస్‌ప్లే సీటుని కింద పార్కింగ్ దాకా తెచ్చి చూపించమంటే చాలావరకు కాదనరు. కాదంటే ఇంకో షాపు. ఆన్‌లైన్ అయితే రిటర్న్ ఉందో లేదో చూసి, ట్యాగులు తీయకముందే కారులో పెట్టి చూడండి. ముఖ్యంగా ఇన్‌ఫాంట్ క్యారియర్ చుట్టూ బెల్టు తిప్పాలంటే పొడవు కావాలి, కొన్ని చిన్న కార్ల బెల్టు అంత రాదు.

అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన సీటు

హైదరాబాద్‌లో ఇది విడిగా చెప్పాల్సిన సంగతే. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చేటప్పుడు తమ పిల్లలకి వాడిన సీటుని తెచ్చి ఇస్తారు. సీటు గొప్పదే కావచ్చు. కానీ అమెరికాలో కారు బెల్టు తనంతట లాక్ అవుతుందన్న లెక్కతో చాలా సీట్లు తయారవుతాయి. పైన చెప్పిన టకటక బెల్టు మీ కారులో లేకపోతే, సీటులోనే బెల్టుని పట్టి ఉంచే లాక్ ఉందో లేదో చూసుకోవాలి. లేదంటే బెల్టు మెల్లమెల్లగా వదులైపోతుంది. అమెరికా సీట్లకి ఐసోఫిక్స్ బదులు సాధారణంగా పట్టీ చివర కొక్కేలుంటాయి, అవి మన కార్ల కడ్డీలకి తగులుకుంటాయి. ఎంత బరువు వరకు అలా వాడొచ్చో సీటు మీదే రాసి ఉంటుంది. ఛాతీ మీద వచ్చే ప్లాస్టిక్ క్లిప్పు కూడా అమెరికా సీట్లకే ఉంటుంది, దాన్ని చంకల ఎత్తులో పెట్టాలి. యూరప్ సీట్లకి అది లేకపోవడం లోపం కాదు, విడిగా కొని తగిలించకండి.

పాత సీటు ఎవరిదైనా సరే, ఇచ్చేవాళ్ళని మొహమాటం లేకుండా మూడు ప్రశ్నలు అడగండి. దీనికి యాక్సిడెంట్ అయిందా? ఎప్పుడు తయారైంది? మాన్యువల్ ఉందా? సీటు అడుగున తయారీ తేదీ, చాలా వాటికి గడువు కూడా అచ్చు వేసి ఉంటుంది. గడువు మామూలుగా ఆరు నుంచి పదేళ్ళు. మన ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కాబట్టి గడువు దగ్గర పడిన సీటు తీసుకోకపోవడమే మేలు. గతం తెలియని సెకండ్ హ్యాండ్ సీటు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

వెనక్కి చూసేలా ఎందుకు

పుట్టిన బిడ్డ తల, ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ముందు నుంచి ఢీకొంటే, ముందుకి చూస్తూ కూర్చున్న బిడ్డ ఒంటిని పట్టీలు ఆపుతాయి, తల మాత్రం ముందుకి దూసుకుపోతుంది. భారమంతా ఆ మెడ మీదే. అదే వెనక్కి చూస్తూ ఉంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటుకి ఆనుకుంటాయి. స్వీడన్ ప్రొఫెసర్ బెర్టిల్ ఆల్డ్‌మన్ వ్యోమగాములు రాకెట్‌లో వెల్లకిలా పడుకుని వేగాన్ని వీపు మీద భరించడం చూసి, 1964లో వెనక్కి చూసే పిల్లల సీటు నమూనా తయారు చేశాడు. ఆ దేశంలో ఇప్పటికీ నాలుగేళ్ళ దాకా పిల్లల్ని వెనక్కే కూర్చోబెట్టమంటారు.

ఆర్129 ప్రకారం కనీసం 15 నెలల వరకు వెనక్కే ఉండాలి. ఆర్44 సీటు మీద "9 కిలోల నుంచి ముందుకి" అని ఉంటుంది కానీ, 9 కిలోలు రాగానే తిప్పేయమని దానర్థం కాదు. సీటు వెనక్కి ఎంత బరువు వరకు ఒప్పుకుంటే అంత వరకూ ఉంచండి. కాళ్ళు వెనక సీటుకి తగిలి ముడుచుకుంటున్నాయని కంగారు పడొద్దు. పిల్లలు ఇంట్లో బాసింపట్టు వేసుకుని గంటలకొద్దీ కూర్చుంటారు, ఇక్కడా అంతే. కాళ్ళు ముడుచుకున్నాయంటే సీటు చిన్నదైనట్టు కాదు. తల సీటు పై అంచుకి దగ్గరగా వచ్చిందా అన్నదే చూడాలి. ఎంత దూరం ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది.

ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుండగా, వెనక్కి చూసే సీటు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా బిడ్డ తల వెనక సీటుని కొడుతుంది. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ ఆపే స్విచ్ ఉంటుంది, అయినా వెనక సీటే మేలు. వెనక కూడా డ్రైవర్ వెనక కన్నా ఎడమ వైపు మంచిది, ఫుట్‌పాత్ వైపు తలుపు తెరిచి దించొచ్చు. మధ్య సీటు పక్క దెబ్బలకి దూరమే గానీ, అక్కడ మూడు పాయింట్ల బెల్టుతో గట్టిగా బిగిస్తేనే.

బెల్టుతో బిగించడం

సెల్లార్‌లో లైటు చాలకపోతే కారు బయటికి తెచ్చుకోండి. సీటు మాన్యువల్, కారు మాన్యువల్ రెండూ పక్కన పెట్టుకోండి. బిడ్డ ఏడుస్తుండగా మొదటిసారి బిగించే ప్రయత్నం చేయకండి, ముందురోజే చేయండి.

1. ముందు సీటుని ముందుకి జరపండి. వెనక హెడ్‌రెస్ట్ చైల్డ్ సీటుని ముందుకి తోస్తుంటే ఎత్తండి లేదా తీసేయండి.

2. బెల్టు వెళ్ళే దారి సీటు మీద రంగుతో గుర్తు పెట్టి ఉంటుంది. వెనక్కి చూసేటప్పుడు నీలం, ముందుకి చూసేటప్పుడు ఎరుపు. రెండూ ఉన్న సీట్లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. హ్యాండిల్ ఉన్న క్యారియర్లలో సాధారణంగా నడుం బెల్టు బిడ్డ కాళ్ళ మీదుగా, భుజం బెల్టు క్యారియర్ వీపు వెనక నుంచి వెళ్తుంది.

3. బెల్టు ఎక్కడా మెలిపడకుండా చూసి బకిల్ పెట్టండి. బకిల్ సీటు ప్లాస్టిక్ అంచు మీద వంగి పడుకోకూడదు, అలా ఉంటే ఢీకొన్నప్పుడు విరగొచ్చు. ఆ సీటు ఆ స్థానానికి సరిపోనట్టే, పక్కకి మార్చి చూడండి.

4. మోకాలితో గానీ చేత్తో గానీ మీ బరువు సీటులోకి గట్టిగా దించండి. అలా నొక్కి ఉంచే, భుజం బెల్టుని పైకి లాగండి. ముందు నడుం భాగం బిగవాలి, తర్వాత భుజం భాగం. ఎవరైనా సాయం ఉంటే ఒకరు నొక్కడం, ఒకరు లాగడం సులువు.

5. సీటులో బెల్టు లాక్ ఉంటే వేయండి. ముందుకి చూసే సీటుకి టాప్ టెథర్ పట్టీ ఉంటే తప్పకుండా తగిలించి బిగించండి. చాలామంది దాన్ని వెనక మడిచి వదిలేస్తారు. తల ఎంత ముందుకి వెళ్తుందన్నది ఆ పట్టీ మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

6. ఇప్పుడు బెల్టు వెళ్ళే చోట సీటుని పట్టుకుని, మామూలు బలంతో ఎడమకీ కుడికీ, ముందుకీ వెనక్కీ ఊపండి. ఒక అంగుళం, అంటే రెండున్నర సెంటీమీటర్లకి మించి కదలకూడదు. సీటు పైభాగం పట్టుకుని ఊపితే ఏ సీటైనా కదులుతుంది, ముఖ్యంగా వెనక్కి చూసే సీటు. దాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి.

వారం తర్వాత మళ్ళీ ఊపి చూడండి. కొత్త బెల్టు, కొత్త కుషన్ కొంచెం సర్దుకుంటాయి, మన స్పీడ్ బ్రేకర్లు ఆ పని ఇంకా త్వరగా చేస్తాయి.

ఐసోఫిక్స్‌తో అయితే

సీటు అడుగున చేతుల్లా ఉండే రెండు కొక్కేలని బయటికి లాగి, కడ్డీలకి ఎదురుగా పెట్టి తోయండి. రెండు వైపులా క్లిక్ మనాలి, రెండు ఇండికేటర్లూ ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారాలి. ఒకటే మారితే తీసి మళ్ళీ పెట్టండి. తర్వాత సీటుని వెనక్కి గట్టిగా నెట్టి, ఒకసారి ముందుకి లాగి చూడండి. రెండు కడ్డీలే ఉంటే సీటు ముందుకి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది, అందుకే మూడో ఆధారం తప్పనిసరి: మీ సీటుని బట్టి టాప్ టెథర్ గానీ సపోర్ట్ లెగ్ గానీ. లెగ్ నేలకి పూర్తిగా ఆనాలి, గాల్లో వేలాడకూడదు, అలాగని సీటుని పైకి ఎత్తకూడదు. కింద దళసరి కార్పెట్ మ్యాట్ ఉంటే తీసేయండి.

ఐసోఫిక్స్ బెల్టు కన్నా బలమైనదేమీ కాదు. తప్పు చేసే అవకాశం తక్కువ, అంతే. మీ కారులో లేకపోతే టెన్షన్ పడొద్దు.

బిడ్డని కూర్చోబెట్టడం

సీటు గట్టిగా ఉన్నా లోపల పట్టీలు వదులైతే ఫలితం ఉండదు. భుజం పట్టీలు వెనక్కి చూసేటప్పుడు భుజాల ఎత్తులో గానీ కాస్త కింద గానీ, ముందుకి చూసేటప్పుడు భుజాల ఎత్తులో గానీ కాస్త పైన గానీ సీటులోంచి రావాలి. బిడ్డ పెరిగే కొద్దీ మార్చాలి, రెండు మూడు నెలలకోసారి చూసుకోండి. బకిల్ పెట్టాక ముందున్న పట్టీని లాగి బిగించండి. తర్వాత భుజం దగ్గర పట్టీని నిలువుగా రెండు వేళ్ళతో గిల్లి చూడండి. మడత పట్టుకోగలిగితే ఇంకా వదులే.

నెలల బిడ్డ సీటు దాదాపు 45 డిగ్రీల వాలులో ఉండాలి. గడ్డం ఛాతీ మీద పడకూడదు, పడితే శ్వాస ఆడదు. దుకాణాల్లో విడిగా అమ్మే మెడ దిండ్లు, అదనపు కుషన్లు సీటుతో వచ్చినవి కాకపోతే వాడొద్దు.

పట్టు లంగా, దళసరి షేర్వాణీ, చలికాలం పొద్దుటి ఉబ్బిన జాకెట్, వీటి మీద పట్టీ బిగించినా అది గుడ్డనే పట్టుకుంటుంది, ఒంటిని కాదు. ఫంక్షన్‌కి వెళ్తుంటే కాటన్ బట్టలతో తీసుకెళ్ళి అక్కడ మార్చండి. చలైతే పట్టీలు పెట్టాక పైన దుప్పటి కప్పండి.

పక్కన, వెనక అద్దం దగ్గర స్టీలు నీళ్ళ బాటిల్, బరువైన బొమ్మలు వదిలేయకండి. ముందు చేసిన లెక్క ప్రకారమే కిలో బాటిల్ 20 కిలోల బలంతో వచ్చి తగులుతుంది.

ఎండ, ఏడుపు, దూర ప్రయాణం

ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట ఆపిన కారులో బకిల్ లోహం చర్మం కాలేంత వేడెక్కుతుంది. దిగేటప్పుడు సీటు మీద తెల్లటి టవల్ కప్పండి, ఎక్కించే ముందు బకిల్ మీ చేత్తో ముట్టుకుని చూడండి. ఏసీ వేసి కాసేపాగి కూర్చోబెట్టండి. వెనక్కి చూసే సీటుకి ఏసీ గాలి సరిగ్గా అందదు, బిడ్డ మెడ వెనక చెమట పట్టిందేమో మధ్యమధ్యలో చూడండి. "రెండు నిమిషాల్లో పాలప్యాకెట్ తెచ్చేస్తా" అని బిడ్డని కారులో వదిలి వెళ్ళొద్దు. ఆగిన కారు నిమిషాల్లో కొలిమి అవుతుంది, పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకన్నా చాలా త్వరగా వేడెక్కుతుంది. మీ ఆఫీసు బ్యాగు రోజూ బిడ్డ పక్కన వెనక సీట్లో పెట్టుకోండి, దిగేటప్పుడు వెనక తలుపు తెరవక తప్పదు.

ఏడుపు సంగతి. మొదటి నెల నుంచి అలవాటైన బిడ్డ పెద్దగా గొడవ చెయ్యదు. ఏడాదిన్నర వయసులో కొత్తగా పెడితే గొడవ ఖాయం. కారు కదలకుండా సెల్లార్‌లోనే రోజూ కాసేపు కూర్చోబెట్టి ఆడించండి, తర్వాత కాలనీలో ఒక రౌండు వేయండి. ఒక్కసారి ఏడ్చిందని తీసి ఒళ్ళో పెట్టుకుంటే, ఏడిస్తే తీస్తారని పాపకి అర్థమైపోతుంది. అమ్మమ్మని పక్క సీట్లో కూర్చోబెట్టండి. పాటలు, కబుర్లు ఆవిడ చూసుకుంటారు, తీసుకోనివ్వట్లేదన్న కష్టమూ తగ్గుతుంది.

నెలల పిల్లల్ని ఏకధాటిగా రెండు గంటలకి మించి సీట్లో ఉంచకూడదు. సంక్రాంతికి విజయవాడ వైపు వెళ్ళేవాళ్ళు సూర్యాపేట దగ్గర ఎలాగూ ఆగుతారు, చిన్నపిల్లలుంటే నార్కట్‌పల్లి దగ్గర ఇంకోసారి ఆగండి. పంతంగి టోల్ క్యూలో కారు మెల్లగానే కదులుతోంది కదా అని పాలివ్వడానికి బిడ్డని బయటికి తీయాలనిపిస్తుంది. వెనక నుంచి లారీ తగిలేది అలాంటి చోటే. టోల్ దాటి, పక్కకి ఆపి పాలివ్వండి. ఐదుగురి కారులో ఏడుగురు ఎక్కి, చైల్డ్ సీటు డిక్కీలోకి వెళ్ళే పెళ్ళి ప్రయాణాల్లో పెద్దవాళ్ళలో ఇద్దరు క్యాబ్‌లో రావాలి. బాబాయ్‌కి కోపం వస్తే రానివ్వండి.

క్యాబ్‌లో అయితే బెల్టుతో బిగించే తేలికైన సీటే దిక్కు. బకిళ్ళు సీటు కవరు కింద పోయి ఉంటాయి, బుక్ చేసినప్పుడే డ్రైవర్‌కి ఫోన్ చేసి "అన్నా, వెనక బెల్టు బకిల్ బయటికి తీసి పెట్టండి" అని చెప్తే సగం పని అయిపోతుంది.

బూస్టర్, ఆ తర్వాత

15 కిలోలు దాటగానే బూస్టర్‌కి తొందరపడకండి. లోపలి పట్టీల సీటు బరువు హద్దు దాటేవరకు అదే వాడండి. బూస్టర్‌లో కారు బెల్టే బిడ్డని ఆపుతుంది, కాబట్టి నిద్రపోయినా పక్కకి ఒరగకుండా కూర్చోగలిగే వయసు రావాలి. వీపు ఉన్న బూస్టరే కొనండి, తలకి పక్కల నుంచి కూడా రక్షణ ఉంటుంది.

బూస్టర్ ఎప్పుడు మానాలి? ఐరోపాలో 135 నుంచి 150 సెంటీమీటర్ల మధ్య ఒక్కో దేశం ఒక్కో హద్దు పెట్టుకుంది. పదేళ్ళు దాటినా మన పిల్లలు చాలామంది 150 సెంటీమీటర్లకి రారు. టేపు కన్నా కారులో కూర్చోబెట్టి చూడడం మేలు. వీపు సీటుకి ఆనాలి, మోకాళ్ళు సీటు అంచు దగ్గర వంగాలి, నడుం బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి, భుజం బెల్టు మెడని తగలకుండా భుజం మధ్యలో రావాలి, ప్రయాణమంతా అలాగే కూర్చోగలగాలి. ఒక్కటి కుదరకపోయినా ఇంకొన్నాళ్ళు బూస్టరే.

పెద్ద దెబ్బ తగిలిన కారులోని సీటు, అప్పుడు బిడ్డ అందులో లేకపోయినా, పైకి పగులు కనిపించకపోయినా మార్చేయండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసేటప్పుడు సీటు గురించి కూడా సర్వేయర్‌ని అడగండి. గడువు అయిపోయిన, దెబ్బతిన్న సీటుని పాత సామాన్ల వాడికి అలాగే ఇచ్చేయకండి. అది కడిగి, తుడిచి ఇంకొకరికి అమ్ముడవుతుంది. ముందు భుజం పట్టీలు కత్తెరతో కోసి, వీపు మీద మార్కర్‌తో పెద్దగా "పనికిరాదు" అని రాసి ఇవ్వండి.